సెల్ఫూ డైనమో మళ్ళీ ఒకటైన కథ

1912 మోడల్ కాడిలాక్ స్టార్ట్ చేయడానికి కండబలం అక్కర్లేకపోయింది. అప్పటిదాకా దాదాపు ఏ పెట్రోలు కారైనా స్టార్ట్ కావాలంటే ఎవరో ఒకరు ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పాలి. ఇంజను వెనక్కి తన్నిందంటే మణికట్టు విరిగేది, ఒక్కోసారి దవడ పగిలేది. కాడిలాక్‌లో మాత్రం సీట్లో కూర్చునే ఇంజన్ని లేపవచ్చు. ఆ ఏర్పాటు చేసినవాడు అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్ ఊళ్ళో డెల్కో అనే సంస్థ పెట్టుకున్న చార్లెస్ కెటరింగ్.

అంతకుముందు ఆయన నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో పనిచేశాడు. దుకాణాల్లో డబ్బు లెక్కకట్టే యంత్రాన్ని చేత్తో తిప్పే పని లేకుండా దానికో కరెంటు మోటారు అమర్చింది ఆయనే. ఆ మోటారు తిరగాల్సింది ఒక్క క్షణం. క్షణం పాటే అయితే చిన్న మోటారు చేత కూడా దాని తాహతుకు మించిన పని చేయించవచ్చు, వేడెక్కి కాలిపోయేలోగా పని అయిపోతుంది. ఇంజను అందుకోవడానికీ కొన్ని సెకన్లే చాలు కదా! ఇంజన్ని తిప్పాలంటే ఇంజనంత మోటారు కావాలని తక్కినవాళ్ళు లెక్కలు వేస్తున్న చోట కెటరింగ్‌కి చిన్న మోటారు దారి కనిపించింది.

ఆ కాడిలాక్‌లో ఇంకో విశేషం ఉంది. ఇంజన్ని లేపే మోటారూ, తర్వాత బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చే డైనమో రెండూ ఒకే యంత్రం. లేపేటప్పుడు బ్యాటరీ గదులన్నీ వరసగా కలిసి 24 వోల్టులిచ్చేవి. ఇంజను అందుకున్నాక అవే గదులు గుంపులుగా విడిపోయి 6 వోల్టుల దగ్గర ఛార్జింగ్ తీసుకునేవి. ఒకే యంత్రం, రెండు పనులు, రెండు వోల్టేజీలు. ఈనాడు వెనక డిక్కీ మీద ‘స్మార్ట్ హైబ్రిడ్’ అన్న అక్షరాలు అతికించుకుని తిరిగే కార్ల మూలసూత్రం నూటపదేళ్ళ కిందటి ఆ కారులోనే ఉంది. దాదాపు తొంభై ఏళ్ళు విడిపోయి ఉన్న రెండు యంత్రాలు మళ్ళీ ఎలా కలిశాయన్నది ఒక కథ. కలిసినచోట ఏ రోగాలు పుట్టాయి, వాటిని పట్టే విద్య ఎలా మారుతూ వచ్చిందన్నది అందులోనే దాగిన రెండో కథ.

వేరు కాపురం

కెటరింగ్ ఉమ్మడి యంత్రం ఎక్కువ కాలం నిలవలేదు. ఇంజన్ని లేపడానికి నెమ్మదిగా, బలంగా తిరిగే మోటారు కావాలి. కరెంటు పుట్టించడానికి వేగంగా, తేలిగ్గా తిరిగేది కావాలి. రెండింటినీ ఒకే ఒంట్లో ఇరికిస్తే గేర్లు, మీటలు, వోల్టేజీ మార్చే స్విచ్చులు పెరిగిపోతాయి. ఆ స్విచ్చు కొసలు కాలితే కారు లేవదు, ఛార్జింగూ ఎక్కదు. కొద్ది ఏళ్ళలోనే చాలామంది తయారీదారులు సెల్ఫ్ మోటారును ఇంజను వెనక చక్రం దగ్గరికీ, డైనమోను ముందు బెల్టు దగ్గరికీ పంపేసి కరెంటునంతా 6 వోల్టులకు దించేశారు. జర్మనీలో కొన్ని బుల్లి కార్లు మాత్రం డైనాస్టార్ట్ పేరుతో పాత ఉమ్మడి పద్ధతిని కొనసాగించాయి.

వేరుపడడం వల్ల బాగుపడింది మెకానిక్కు. సెల్ఫ్ కొడితే ‘టక్’ మని ఆగిపోయిందా, బ్యాటరీయో, సాలినాయిడో, కార్బన్ బ్రష్షులో చూసుకోవాలి. రాత్రి హెడ్‌లైట్లు కునికిపాట్లు పడుతున్నాయా, డైనమో విప్పాలి. ఒక రోగానికి ఒక అవయవం. దాన్ని పట్టడానికి రెండు వైర్ల బల్బు చాలు, ఎక్కడ వెలిగితే అక్కడిదాకా కరెంటు వస్తున్నట్టు. తీసి చూడు, బాగైంది పెట్టి చూడు అన్న పద్ధతి అలా స్థిరపడింది. విజయవాడ ఆటోనగర్‌లో తరాలుగా చేతులు మారిన విద్య కూడా ఇదే.

1950లలో ఇంజన్లు పెద్దవయ్యాయి, లోపలి ఒత్తిడి పెరిగింది. వాటిని తిప్పడానికి 6 వోల్టులు చాలక అమెరికన్ కార్లు 12కి ఎక్కాయి. 1960 మోడల్ క్రైస్లర్ వాలియంట్‌లో డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ వచ్చింది, అందులో సిలికాన్ డయోడ్లు ఉన్నాయి. డయోడు ద్వారా కరెంటు ఒకవైపే పారుతుంది. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వెళుతుంది, బ్యాటరీ నుంచి వెనక్కి రాదు. మన మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే పిలిచే ఆ యంత్రం దీంతో చవకైంది, దృఢమైంది, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడూ ఛార్జింగ్ ఇవ్వగలిగింది. దానితోబాటే సెల్ఫుకీ డైనమోకీ నడుమ తలుపు గట్టిగా మూసుకుంది. డయోడు ఉన్నంతకాలం ఆల్టర్నేటర్‌ను మోటారుగా తిప్పడం కుదరదు.

తలుపు తెరిచిన ట్రాన్సిస్టర్

ఎర్రలైటు దగ్గర ఆగిన కారులో ఇంజను ఊరికే తిరుగుతూ పెట్రోలు తాగుతుంది. ఆగినప్పుడల్లా ఇంజన్ని ఆపేసి, కదిలేముందు మళ్ళీ లేపితే ఆ పెట్రోలు మిగులుతుంది. 1970లలో, చమురు ధర మండినప్పుడు టయోటా తన క్రౌన్ కారులో ఈ ప్రయత్నం చేసింది. అయితే మామూలు సెల్ఫ్ మోటారు రోజుకు పదిసార్లు తిరగడానికి పుట్టింది, వందసార్లకు కాదు. పైగా లేచిన ప్రతిసారీ గేరు పళ్ళ చప్పుడు. నిశ్శబ్దంగా, రెప్పపాటులో ఇంజను లేవాలంటే ఎప్పుడూ బెల్టుతో ఇంజన్ని పట్టుకునే ఉన్న ఆల్టర్నేటరే దానికి తగినది.

ఆ పని చేస్తూ మార్కెట్లోకి వచ్చిన కార్లలో ముందువరసలో నిలిచింది 2004 చివర్లో వచ్చిన సిట్రోయెన్ సీ3. ఫ్రాన్స్‌కు చెందిన వలియో సంస్థ అందులో డయోడ్లు తీసేసి మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు పెట్టింది. డయోడు తనంతట తాను తెరుచుకుని మూసుకుంటుంది, అదీ ఒకవైపే. మాస్‌ఫెట్ మనం ఎప్పుడు తెరుచుకోమంటే అప్పుడు తెరుచుకుంటుంది, కరెంటును రెండువైపులా పోనిస్తుంది. ఇంజను ఆల్టర్నేటర్‌ను తిప్పితే బ్యాటరీకి ఛార్జింగ్, బ్యాటరీ కరెంటు ఆల్టర్నేటర్‌లోకి పంపితే ఇంజనుకు తోపుడు. కెటరింగ్ కలిపినా తయారీదారులు విడగొట్టక తప్పని జంట మీటలూ గేర్లూ లేకుండానే మళ్ళీ కలిసింది.

కలిసీ కలవగానే కొత్త రోగం పుట్టింది. మాస్‌ఫెట్‌ను ఏ క్షణాన తెరవాలో తెలియాలంటే లోపలి రోటరు ఆ క్షణాన ఏ కోణంలో ఉందో తెలియాలి. పాత ఆల్టర్నేటర్‌కి ఆ సంగతితో పని లేదు, తిప్పితే తిరిగేది. కొత్తదానికి కోణం చెప్పే సెన్సార్ కావాల్సి వచ్చింది. ఆ సెన్సార్ అబద్ధం చెప్పినా, దాని తీగ తెగినా, రాగి చుట్టలూ బ్రష్షులూ ఎంత బాగున్నా యంత్రం కదలదు. అవయవం చెడిపోకుండానే పని ఆగిపోవడం సెల్ఫు, డైనమోల చరిత్రలో కొత్త ఘట్టం. బల్బు పెట్టి చూసే పరీక్షకు ఇది చిక్కదు.

42 వోల్టుల కల

ఈలోగా ఇంకో ఆలోచన నడుస్తోంది. ఏసీ, పవర్ స్టీరింగ్, వేడెక్కే సీట్లు, పదుల కొద్దీ చిన్న మోటార్లు చేరి కారులో కరెంటు వాడకాన్ని పెంచేశాయి. 10 కిలోవాట్లు కావాలంటే 12 వోల్టుల దగ్గర 800 ఆంపియర్లు దాటుతుంది. అంత కరెంటు మోయడానికి తీగ బొటనవేలంత లావుండాలి. వోల్టేజీ నాలుగింతలైతే అదే పనికి కరెంటు నాలుగోవంతు చాలు, అదే తీగలో వేడిగా పోయే నష్టం పదహారోవంతుకు పడిపోతుంది.

1990లలో అమెరికాలోని ఎంఐటీ, అక్కడి ప్రొఫెసర్ జాన్ కసాకియన్ పూనికతో, కార్ల కంపెనీలనూ విడిభాగాల కంపెనీలనూ ఒకచోట చేర్చింది. వాళ్ళు 42 వోల్టుల దగ్గర ఒప్పందానికి వచ్చారు. 12 వోల్టుల కారు నడిచేటప్పుడు నిజానికి 14 దగ్గర ఉంటుంది, దానికి మూడింతలు 42. ఎంత ఎగసినా 60 దాటకూడదన్నది ఇంకో లెక్క. 60 వోల్టుల డీసీ లోపు మనిషి తాకినా ప్రాణానికి ముప్పు లేదని నిబంధనలు భావిస్తాయి, అది దాటితే నారింజ రంగు తొడుగుల తీగలు, ప్రత్యేక శిక్షణ, ఖర్చు. 2001లో జపాన్‌లో టయోటా క్రౌన్ 36 వోల్టుల బ్యాటరీతో, 42 వోల్టుల వ్యవస్థతో మైల్డ్ హైబ్రిడ్‌గా, అంటే ఇంజనుకు కాస్త సాయం మాత్రమే చేసే హైబ్రిడ్‌గా, అమ్మకానికి వచ్చింది. అదే సమయానికి హోండా ఇన్‌సైట్ 144 వోల్టుల బ్యాటరీతో ఇంకో దారి పట్టింది.

42 వోల్టుల కలను చెదరగొట్టినవాటిలో ముఖ్యమైనది నిప్పురవ్వ. 12 వోల్టుల తీగను కరెంటు పారుతుండగా లాగితే చిటుక్కుమని రవ్వ లేచి ఆరిపోతుంది. 20 వోల్టులు దాటాక ఆ రవ్వ ఆరకుండా నిలబడి మండగలదు. వదులైన కనెక్టర్, తేలికపాటి రిలే, చిన్న స్విచ్చు, అన్నీ కరిగిపోయే ప్రమాదంలో పడ్డాయి. అసలు పొరపాటు కారంతటినీ 42కి మార్చాలనుకోవడంలో ఉంది. బల్బులు, రిలేలు, వైపర్ మోటార్లు అన్నీ కొత్తగా తయారుకావాలి. అంత ఖర్చుకు ఎవరూ ముందుకు రాలేదు. 2000 దశకం మధ్యకల్లా ఆ ఉత్సాహం చల్లారింది.

సుజుకీ అడ్డదారి

సుజుకీ మాత్రం 12 వోల్టుల గడప దాటకుండా పని కానిచ్చింది. 2012లో జపాన్‌లో వ్యాగన్ ఆర్ కారులో సీసం బ్యాటరీకి తోడుగా చిన్న లిథియం బ్యాటరీ పెట్టింది. సీసం బ్యాటరీకి ఇచ్చే గుణం ఎక్కువ, పుచ్చుకునే గుణం తక్కువ. బ్రేకు తొక్కిన నాలుగు సెకన్లలో పుట్టే కరెంటును అది గబుక్కున మింగలేదు, లిథియం మింగగలదు. 2014లో ఆల్టర్నేటర్ స్థానంలో ఐఎస్‌జీ, అంటే రెండు పనులూ చేసే యంత్రం చేరింది. అది ఇంజనుకు అందించే సాయం రెండు కిలోవాట్ల అటూ ఇటూ మాత్రమే. కారును తనంతట తాను నడపలేదు, ఇంజను నడుస్తుంటే కాస్త చెయ్యి వేస్తుంది.

ఆ పద్ధతి మన దేశానికి 2015 సెప్టెంబరులో సియాజ్ డీజిల్ కారుతో వచ్చింది, పేరు ఎస్‌హెచ్‌వీఎస్. అప్పుడు లిథియం బ్యాటరీ లేదు, బలపరిచిన సీసం బ్యాటరీయే. కరెంటు, హైబ్రిడ్ బండ్లను ప్రోత్సహించడానికి కేంద్రప్రభుత్వం అదే ఏడు ఏప్రిల్‌లో మొదలుపెట్టిన ఫేమ్ పథకం కింద మైల్డ్ హైబ్రిడ్లకూ రాయితీ దక్కింది. 2017 ఏప్రిల్ నుంచి ఆ రాయితీని తీసేశారు, ఇంధనం ఆదా అయ్యేది కొద్దిగానేనన్న వాదన దానికి వెనక ఉంది. రాయితీ పోయినా యంత్రం పోలేదు. 2018లో పెట్రోలు సియాజ్, ఎర్టిగాల్లోకి లిథియం బ్యాటరీ కూడా వచ్చి చేరింది. గుజరాత్‌లోని హంసల్‌పూర్‌లో సుజుకీ, తోషిబా, డెన్సో కలిసి లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టాయి. ఇలా తెలుగునాట ఊరూరా తిరిగే కుటుంబ కార్లలోకీ ఈ జాతి వచ్చి చేరింది. యజమానులు చాలామందికి తమ కారులో రెండు బ్యాటరీలున్నాయన్న సంగతి ఒకటి చెడిపోయేదాకా తెలియదు.

48: తాళం కుదిరిన లెక్క

2011లో ఆడీ, బీఎండబ్ల్యూ, డైమ్లర్, పోర్షె, ఫోక్స్‌వాగన్ కలిసి 48 వోల్టుల మీద ఒప్పందానికి వచ్చాయి. వాళ్ళు రాసుకున్న నియమాల ప్రకారం మామూలుగా పనిచేసే హద్దు 36 నుంచి 52 వోల్టులు, 60 దాటడానికి వీల్లేదు. 42 నుంచి నేర్చుకున్న పాఠం ఈ ఒప్పందంలో కనిపిస్తుంది. దీపాలు, వైపర్లు, రేడియో, కంప్యూటర్లు 12 దగ్గరే ఉండిపోతాయి. ఎక్కువ కరెంటు తాగే రెండు మూడు యంత్రాలే 48కి వెళతాయి. రెండింటికీ నడుమ డీసీ-డీసీ కన్వర్టర్ అనే పెట్టె 48ని 12కి దించుతుంది.

2016లో ఆడీ ఎస్‌క్యూ7 డీజిల్‌లో గాలి కుక్కే కరెంటు కంప్రెసర్ 48 మీద నడిచింది. అదే ఏడాది చివర్లో రెనో సెనిక్‌లో 48 వోల్టుల బెల్టు యంత్రం వచ్చింది. 2017లో మెర్సిడెస్ ఎస్-క్లాస్ ఆరు సిలిండర్ల ఇంజను బెల్టులన్నీ తీసేసి ఇంజనుకీ గేరుబాక్సుకీ నడుమ యంత్రాన్ని ఇరికించింది. యూరప్‌లో కిలోమీటరుకు సగటున 95 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అన్న హద్దు ముంచుకొస్తుండగా తక్కువ ఖర్చుతో కొన్ని గ్రాములు తగ్గించే ఉపాయం ఇదే అయింది. మన దేశంలో 2019లో ఎంజీ హెక్టర్ పెట్రోలు కారు 48 వోల్టులను విస్తృతంగా పరిచయం చేసింది.

ఇక్కడా కలిసినచోటే రోగం. 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్‌లో మామూలుగా 12 వోల్టుల ఆల్టర్నేటర్ ఉండదు, 12 వోల్టుల బ్యాటరీకి తిండిపెట్టేది కన్వర్టర్. అది ఆగితే 48 బ్యాటరీ నిండుగా ఉన్నా కారు గంటలోపే చీకటవుతుంది. రెండు వోల్టేజీలకూ ఎర్తింగ్ కారు బాడీయే. రెండు వోల్టేజీలూ తీసుకునే పెట్టెకు ఎర్తింగ్ తీగ ఊడిందంటే 48 వోల్టులు వెనక్కి పోయే దారి వెతుక్కుంటూ 12 వోల్టుల వలయంలోకి చొరబడగలవు. 12 వోల్టుల కంప్యూటర్లు ఆ దెబ్బకు తట్టుకోలేవు. అందుకే ఒక్క లోపం వల్ల 48 అటు చేరకూడదని నియమాల్లో రాశారు, ఎర్తింగ్ బోల్టులు విడివిడిగా పెట్టారు. నియమం ఎంత గట్టిదైనా బోల్టు బిగించేది మనిషే. 2023 చివర్లో మెర్సిడెస్ ముందుసీటు కింది 48 వోల్టుల ఎర్తింగ్ బోల్టు సరిగా బిగిసి ఉండకపోవచ్చని, నిప్పంటుకునే ప్రమాదముందని అమెరికాలో లక్షకు పైగా కార్లను వెనక్కి పిలిచింది.

మాట్లాడే కారు

యంత్రం మారుతుండగా వైద్యమూ మారింది. 1986లో జర్మన్ సంస్థ బాష్ డెట్రాయిట్‌లో క్యాన్ అనే పద్ధతిని ప్రకటించింది. కారులోని కంప్యూటర్లన్నీ ఒకే తీగల జత మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటది. కాలిఫోర్నియా రాష్ట్రం పొగ కాలుష్యం మీద పట్టుబట్టడంతో 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఒకే ఆకారపు సాకెట్, ఒకే రకం కోడ్లు తప్పనిసరి అయ్యాయి. కోడు ఐదు అక్షరాలుంటుంది. పీ0562 అంటే కారు వోల్టేజీ తక్కువగా ఉందని. యూతో మొదలైతే ఏదో కంప్యూటర్ మాట వినిపించడం లేదని. హైబ్రిడ్ భాగాలకు పీ0ఏ వరస కేటాయించారు.

స్కానర్ చేతికొచ్చాక రోగనిర్ణయం తేలికైందని అనిపిస్తుంది. మైల్డ్ హైబ్రిడ్‌లో అది ఒక్కోసారి దారి తప్పిస్తుంది. సీసం బ్యాటరీ ముసలిదై సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ మరీ కిందికి పడిపోయిందనుకుందాం. అరసెకను పాటు పది కంప్యూటర్లు స్పృహ తప్పుతాయి. లేచాక ఒక్కొక్కటీ పక్కదాని మీద ఫిర్యాదు రాసిపెడుతుంది. స్కానర్ పెడితే పదిహేను కోడ్లు, అందులో ఒకటి ఐఎస్‌జీ మీద. ఆ ఒక్కటి చూసి ఐఎస్‌జీ మారిస్తే వేల రూపాయలు పోయి రోగం అలాగే ఉంటుంది. కోడు ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. ఏ కోడు మొదట నమోదైంది, ఆ క్షణాన వోల్టేజీ ఎంత, ఇంజను వేడి ఎంత అన్న వివరాలు దానితోబాటే దాచి ఉంటాయి. నేర్పరి ముందు చదివేది వాటిని.

ఎర్రలైటు దగ్గర ఇంజను ఆగడం మానేసిందన్న ఫిర్యాదు బాగా మామూలు. అందులో సగం అసలు రోగమే కాకపోవచ్చు. ఇంజను ఇంకా వేడెక్కకపోతే, సీటుబెల్టు పెట్టుకోకపోతే, బానెట్ స్విచ్చు తెరిచి ఉన్నట్టు చెబితే కారు తనే ఇంజన్ని ఆపదు. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఏసీ పూర్తిగా పెడితే లోపల చల్లబడేదాకా ఆపదు. గేరు కారులో న్యూట్రల్ అయి క్లచ్ వదలాలి. క్లచ్ కింది స్విచ్చు అరిగినా ఆగదు. ఆగడానికి కావాల్సిన షరతులన్నీ స్కానర్ తెరమీద ఒక్కొక్కటిగా చూసి ఏది కుదరడం లేదో పట్టడమే ఇక్కడ వైద్యం. ఏ భాగం చెడిందన్న పాత ప్రశ్న వెనక్కి వెళ్ళి, ఏ షరతు దగ్గర కారు వద్దనుకుందన్న ప్రశ్న ముందుకొచ్చింది.

ఛార్జింగ్ పరీక్ష కూడా మారింది. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 రాకపోతే డైనమో పోయిందన్నది తాతలనాటి సూత్రం. మైల్డ్ హైబ్రిడ్‌లో పెట్రోలు ఆదా కోసం మామూలు పరుగులో 13 లోపలే ఉండవచ్చు, యాక్సిలరేటర్ వదిలి కారు నెమ్మదిస్తున్నప్పుడు ఛార్జింగ్ పుంజుకుంటుంది. మీటరు పెట్టి ఆ రెండు సందర్భాలూ చూడాలి. వదిలినప్పుడు పైకి లేస్తే యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్టే. ఎప్పుడూ 12.2 చుట్టూ తిరుగుతూ, లైట్లు వేస్తే ఇంకా దిగుతుంటే అప్పుడు అనుమానించాలి.

ఇంకో కిటుకు ఉంది. సుజుకీ పద్ధతి కార్లలో పొద్దున్నే చల్లటి ఇంజన్ని లేపేది మామూలు సెల్ఫ్ మోటారే. లైటు దగ్గర లేపేది ఐఎస్‌జీ. పొద్దున లేచి, లైటు దగ్గర లేవకపోతే బెల్టు, దాన్ని బిగించే టెన్షనర్, ఐఎస్‌జీ వైపు చూడాలి. మామూలు కారులో బెల్టును ఇంజను ఒకవైపే లాగుతుంది. ఇక్కడ ఐఎస్‌జీ కూడా ఇంజన్ని లాగుతుంది కాబట్టి రెండువైపులా ఊగే టెన్షనర్, ఆ లాగుడుకు తట్టుకునే బెల్టు ఉంటాయి. కొలత సరిపోయిందని మామూలు బెల్టు వేస్తే లేచే క్షణాన కీచుమంటూ జారుతుంది, కంప్యూటర్ ఆ నేరాన్ని ఐఎస్‌జీ మీద రాస్తుంది.

మన ఊళ్ళలో తరచుగా తగిలేది మరొకటి. బ్యాటరీ నెగెటివ్ కొస మీద అగ్గిపెట్టెంత సెన్సార్ ఉంటుంది. లోపలికి వెళ్ళినదీ బయటికి వచ్చినదీ ప్రతి ఆంపియరూ లెక్కకట్టి బ్యాటరీలో ఎంత మిగిలిందో చెప్పేది అదే. కొత్త హారను, అదనపు లైట్లు, ఆంప్లిఫయర్ బిగించేవాళ్ళు ఎర్తింగ్ తీగను తిన్నగా బ్యాటరీ కొసకు తగిలిస్తారు. ఆ కరెంటు సెన్సార్ కంట పడదు. బ్యాటరీ నిండుగా ఉందని లెక్క చెబుతుంది, బ్యాటరీ మాత్రం నీరసపడుతుంది. ఎర్తింగ్‌ను బాడీ బోల్టుకు మారిస్తే రోగం కుదురుతుంది. కొత్త బ్యాటరీ వేసినప్పుడు చాలా కార్లలో ఆ సంగతి స్కానర్ ద్వారా సెన్సార్‌కు చెప్పాలి కూడా.

ఎర్తింగ్ పరీక్షలో ఓమ్ మీటరు నమ్మరానిది. నూరు పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినా మీటరు సున్నా చూపిస్తుంది, ఎందుకంటే అది పంపేది నామమాత్రపు కరెంటు. ఐఎస్‌జీ పనిచేసేటప్పుడు 200 ఆంపియర్లు పారతాయి. తుప్పుపట్టిన బోల్టు దగ్గర వెయ్యింట రెండు ఓముల అడ్డు ఉన్నా 0.4 వోల్టు అక్కడే పోతుంది, 80 వాట్ల వేడి పుడుతుంది. అందుకే ఇంజను లేస్తున్న క్షణాన బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంజను బాడీకీ నడుమ వోల్టేజీ చూడాలి. 0.2 దాటితే తీగ, బోల్టు, తుప్పు చూసుకోవాలి. ఉప్పుకాగితంతో రుద్ది బిగించిన బోల్టు కాపాడిన ఐఎస్‌జీలు తక్కువేం కాదు.

48 వోల్టుల కారు దగ్గర ఇంకొన్ని జాగ్రత్తలు. షాక్ కొట్టదు కదా అని కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగకూడదు. కారును ఆఫ్ చేసి, కంప్యూటర్లు నిద్రపోయేదాకా ఆగి, తయారీదారు చెప్పిన వరసలోనే విప్పాలి. ఉమ్మడి యంత్రాన్ని నడిపే ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. రెండు కొసల మీద స్పానర్ పడితే లిథియం బ్యాటరీ దాన్ని ఎర్రగా కాల్చగలదు. జంప్ స్టార్ట్ ఇవ్వాలంటే 12 వోల్టుల కొసలకే, 48 వైపు ఏదీ తగిలించకూడదు. 48 బ్యాటరీ అడుగంటితే దాని లోపలి కాపలా కంప్యూటర్ రిలేను తెరిచేస్తుంది. బయటినుంచి కొలిస్తే సున్నా వస్తుంది, అంతమాత్రాన అది చచ్చినట్టు కాదు.

ఇక ముందు

2023 చివర్లో టెస్లా సైబర్‌ట్రక్ వచ్చింది. అది పూర్తిగా బ్యాటరీ బండి. అయినా అందులో దీపాలు, వైపర్లు, కిటికీ మోటార్ల వలయాన్ని 12 నుంచి 48కి మార్చారు. 1990లలో పుట్టి 2000 దశకంలో చెదిరిన 42 వోల్టుల కలకు ఇది కొనసాగింపు. ఆ దారి విస్తరిస్తే 12కీ 48కీ నడుమ అతుకు పోతుంది, దానితో వచ్చిన రోగాలూ పోతాయి. నిప్పురవ్వ మాత్రం కారులోని ప్రతి కనెక్టర్ దగ్గరికీ చేరుతుంది.

అందాకా మన రోడ్ల మీది లక్షల కార్లు ఈ ఉమ్మడి యంత్రంతోనే నడుస్తాయి. వాటిని బాగుచేసేవాడికి పరీక్షల వరసే పెట్టుబడి. ముందు సీసం బ్యాటరీ, తర్వాత ఎర్తింగ్ బోల్టులు, బెల్టు, టెన్షనర్, ఆ తర్వాత సెన్సార్లు, షరతులు, అన్నీ బాగున్నాయని తేలాకే ఐఎస్‌జీ, కన్వర్టర్, లిథియం బ్యాటరీ. చవకవాటితో మొదలుపెట్టి ఖరీదైనవాటిని చివరికి ఉంచే ఈ వరసను యజమాని కూడా తెలుసుకుంటే మంచిది. బ్యాటరీ వోల్టేజీ అయినా కొలవకుండా ఐఎస్‌జీ మార్చాలన్న ఎస్టిమేట్ చేతికిస్తే, ఆ వర్క్‌షాపును ఏమడగాలో అప్పుడు ఆయనకు తెలుస్తుంది.